హారతి కోసం ఆగిన గాలి

ఆ రిబ్బన్ కదలడం లేదు.

ప్రమాదమని నా ఒంటికి తెలిసింది ఆ క్షణంలోనే. బుద్ధికి తెలియడానికి ఇంకాస్త సమయం పట్టింది. ఫిల్లింగ్ గది అద్దం ముందు నిలబడి ఉన్నాను. లోపల సీసాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి, మావైపు చీనీ అనే బత్తాయి రసం నింపుకుని, మూత బిగించుకుని వెళ్లిపోతున్నాయి. మిషను ఒంటి నిండా పసుపు, కుంకుమ బొట్లు. దాని ముందు తలుపుకు బంతిపూల మాల. పైన జాలీకి నేను ఎప్పుడో అంటించిన ఎర్ర రిబ్బన్ ముక్క నిటారుగా కిందికి వేలాడుతోంది.

ఆ జాలీ వెనక పెద్ద ఫ్యాను ఉంటుంది. గాలిని దట్టమైన ఫిల్టరు గుండా వడగట్టి, సీసాలు నింపే చోట పైనుంచి కిందికి నెడుతుంది. సీసా మూత తెరిచి ఉన్న ఆ కాస్త సేపూ దాని మీద పడేది ఆ శుభ్రమైన గాలి ఒక్కటే కావాలి. గాలి కంటికి కనబడదు కాబట్టి రిబ్బన్ అంటించాను. ప్లాంటు నడుస్తున్నంతసేపూ అది గడగడ వణుకుతూ ఉండాలి. ఆ రోజు వణకడం లేదు. సీసాలు మాత్రం నిండుతున్నాయి.

ఇప్పుడే డిగ్రీ పూర్తిచేసి ఇలాంటి చోట్ల క్వాలిటీ ఉద్యోగాల్లో చేరుతున్న అమ్మాయిలు కొందరు నన్ను సలహాలు అడుగుతుంటారు. అక్కడ నేను చేసిందీ అదే ఉద్యోగం, ఇప్పుడు వదిలేశాను. ప్లాంటు పులివెందుల వైపుకు మారింది, నా పిల్లల బడి ప్రొద్దుటూరులో ఉంది, రెండూ కుదరలేదు. సలహాలు చెప్పడం నాకు పెద్దగా రాదు. ఈ ఒక్క రోజు గురించి చెబుతాను.

మా ప్లాంటు అప్పట్లో ప్రొద్దుటూరు దాటి జమ్మలమడుగు రోడ్డులో ఉండేది. యజమానికి పులివెందుల దగ్గర చీనీ తోటలు. ధర పడిపోయిన ఏడాది కాయలు చెట్టు కిందే కుళ్లిపోవడం చూడలేక రసం తీసి సీసాల్లో పెట్టి అమ్మాలనుకున్నాడు. చీనీ రసంతో ఒక తంటా ఉంది. బాగా మరిగిస్తే చేదెక్కుతుంది. అందుకని కొద్దిగా మాత్రమే వేడి చేసి, వెంటనే చల్లబరిచి నింపేవాళ్లం. సీసాను చల్లగా ఉంచితే కొన్ని వారాలు నిలుస్తుంది. వేడి తక్కువ కాబట్టి మిగతా భారమంతా శుభ్రత మీదే పడుతుంది. కడిగిన సీసా, కడిగిన గొట్టం, వడగట్టిన గాలి. వీటిలో ఏది తప్పినా కంటికి కనబడని బూజో ఈస్టో సీసాలోకి దిగి, లోపల హాయిగా కాపురం పెడుతుంది. మూత తీసినప్పుడు గానీ తెలియదు.

ఆయుధపూజ నాడు ప్రొద్దుటూరులో పూజ చేయని మిషను ఉండదు. బంగారం కరిగించే కుంపటి దగ్గర్నుంచి ఆటో దాకా అన్నిటికీ బొట్లు పెడతారు. మా మిషనుకు వద్దని నేనెలా అంటాను? గదిలోనే పూజ చేసుకోండి, కానీ బొట్లు, మాల మిషను బయటివైపే ఉంచి, అయ్యాక సీసాలు నింపే చోటంతా తుడిచి, గొట్టాలు వేడినీళ్లతో కడిగి, అప్పుడే నింపడం మొదలుపెట్టాలని చెప్పాను. అలాగే తుడిచారు, అలాగే కడిగారు. ముహూర్తం దాటకుండా మిషను నడిపారు. ఆ సమయానికి నేను అక్కడ లేను. యజమాని చుట్టాలు ల్యాబు చూస్తామంటే వాళ్లను తిప్పుతున్నాను. వాళ్లను భోజనాల దగ్గర వదిలి వచ్చి అద్దంలోంచి చూసేసరికి ఇదీ సంగతి.

తలకు టోపీ, కాళ్లకు కవర్లు తొడుక్కుని లోపలికి పోయాను. మిషను నడిపేది జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక పెద్దాయన. కువైటులో చాలా ఏళ్లు పనిచేసి తిరిగొచ్చాడు. అందరం భాయ్ అనే పిలిచేవాళ్లం. ఆ రోజు తెల్లవారకముందే వచ్చి మిషనుకు మాల కట్టింది కూడా ఆయనే.

"భాయ్, పైన ఫ్యాను తిరుగుతాండాదా?"

"తిరక్కుంటే ఎట్లమ్మా, తిరుగుతాంటాది," అంటూ తలెత్తి చూశాడు. చేతిలోని గుడ్డ జారిపోయింది. "యా అల్లా! హారతి ఆరిపోతాందని సార్ ఆపినాడు. మళ్లా ఏసినాడనుకుంటి."

"నువ్వు చూసుకోలేదా?"

"ఆ మైకు పాటల్లో, ఈ మిషను మోతలో ఏం తెలుస్తాదమ్మా? అయినా ఆపింది సార్ గదా. సారే ఏస్తాడనుకుంటాం గానీ, సార్ ఆపినదాన్ని మనం ముట్టుకుంటామా?"

నేను ఎర్ర బటను నొక్కాను. మిషను నిట్టూర్చి ఆగింది. ప్యాకింగు దగ్గరున్న ఆడవాళ్లంతా తిరిగి చూశారు.

"అయ్యయ్యో, పూజ నాడు ఆపితివేమ్మా! ఏడాదంతా ఆగుతానే ఉంటాది మిషను," అని ఒకామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఏడాదంతా ఆగితే నీకు సెలవులే గదా, నవ్వు," అన్నాడు భాయ్. ఎవరూ నవ్వలేదు.

యజమానిని మేం సార్ అనేవాళ్లం. మంచి మనిషి. గట్టిగా అరవడం నేను చూడలేదు. కొత్త పంచె నలగకుండా ఎత్తిపట్టుకుని పరుగున వచ్చాడు.

"ఏందిమ్మా, ఎందుకు ఆపినావు?"

"ఫ్యాను ఆగిపోయి ఉండాది సార్. పూజప్పుడు ఆపినారంట."

ఆయన చేయి నుదుటి మీదికి పోయింది. "అవును. నేనే. పైనుంచి గాలి కొడతాంటే హారతి నిలవడంల్యా. ఆరిపోతే మా అమ్మ ఊరుకోదు. ఆపి, ఆ హడావుడిలో మర్చిపోయినా." తలెత్తి జాలీ వైపు చూశాడు. "సరే, ఇప్పుడేసి నడపండి."

"నడుపుతాం సార్. ఫ్యాను వేసి, మళ్లా అంతా కడిగి నడుపుతాం. కానీ పొద్దున్నుంచి నింపినవి బయటికి పోకూడదు."

"పోకూడదా? బండికి ఎక్కిచ్చినారే! రేపు మఠంలో పంచల్ల. అమ్మ మొక్కు అది."

అదీ అసలు చిక్కు. పూజ నాడు నింపిన మొదటి రసాన్ని బ్రహ్మంగారిమఠంలో భక్తులకు ఉచితంగా పంచుతానని ఆయన తల్లి మొక్కుకుంది. గేటు దగ్గర నిలబడిన ఫ్రిజ్జు బండి నిండా ఉన్నవి సరిగ్గా ఆ సీసాలే.

"రోడ్డు మీద బండికాడ చీనీ రసం తాగుతాండారు గదమ్మా," అన్నాడు సార్. "ఈగలు ముసురుతాంటాయి. గాలి లేదు, ఫిల్టరు లేదు. ఎవరన్నా సచ్చినారా?"

"ఆడ పిండినంక నిలబడి అప్పుడే తాగేస్తారు సార్. ఏమీ కాదు. మనం మూత బిగించి తేదీ కొడతాండాం. ఆ తేదీ దాకా బాగుంటాదని మనమే చెప్తాండాం. బండాయన ఏ తేదీ చెప్పడు."

"మఠంలో గూడా ఇచ్చినప్పుడే తాగేస్తారు గదా."

"ఎవరు తాగేస్తారు సార్? స్వామి కాడ ఇచ్చింది ప్రసాదం. సంచిలో పెట్టుకొని ఊర్లకు ఎత్తకపోతారు. దేవుని గూట్లో పెడతారు. ఇంట్లో అందరూ వచ్చినంక తలా ఇంత పోస్తారు. ఐసు ఉండదు, ఫ్రిజ్జు ఉండదు. ముందు ఎవరికి తాపుతారో తెలుసు గదా? పిల్లోళ్లకు, ముసలోళ్లకు."

పూజప్పుడు ఆయన ఆపింది ఒక్క స్విచ్చి. తలుపులు తెరిచే ఉన్నాయి, చుట్టాలు వస్తున్నారు, పోతున్నారు, కర్పూరం పొగ అక్కడే తిరుగుతోంది. ఆ గాలి కిందే సీసాలన్నీ నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. ఇదంతా నాకంటే ఆయనకే బాగా కనబడుతున్నట్టు అనిపించింది.

"నాకు చెప్పినావు, సరే. ఒప్పుకుంటా," అన్నాడు చివరికి. "అమ్మకు ఎవరు చెప్పల్ల? నేను చెప్తే ఇంట్లోకి రానీయదు. నువ్వే చెప్పు."

మైక్రోబయాలజీ ప్రాక్టికల్సుకు కూడా అంత భయపడి ఎరుగను. పెద్దామె షెడ్డు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గుగ్గిళ్లు పంచుతోంది. పట్టుచీర, నుదుట పావలా అంత కుంకుమ. తోటల్లో కూలీలను ఒక్క కేకతో కదిలించిన మనిషి. ఆ ఇంట్లో ఆమె మాటే చివరి మాట.

వంగి, మెల్లగా చెప్పాను. గాలి ఆగిన సంగతి, సీసాల సంగతి. మొక్కు అనే మాట నా నోటితో నేను అనలేదు. ఆమే అంది.

"స్వామి పేరు మీద పట్టిన రసంలో విషముందంటావా పాపా?"

"ఉందని అనడంలేదు పెద్దమ్మా. ఏమీ లేదని చెప్పలేకపోతాండా. చెప్పడానికే గదా సార్ నన్ను పెట్టుకున్యాడు."

"చూడకుండా ఎట్ల చెప్తావు? పరీచ్చ చేసి చూడు."

"చేస్తే తెలిసేకి రోజులు పడతాది. బండి ఇప్పుడు పోతాండాది."

ఆమె చేతిలోని గరిటె పక్కన పెట్టింది. "మాటలొద్దు. ఒకటి చెప్పు. నీ బిడ్డలకు తాపుతావా, తాపవా?"

"తాపను పెద్దమ్మా."

అన్నానో లేదో, ఇళ్లకు పోయిన సీసాలు గుర్తొచ్చాయి. పూజ తర్వాత నిండిన మొదటి సీసాలను పనివాళ్ల ఇళ్లకు ప్రసాదంగా పంపడం ఆ ప్లాంటులో మొదటి నుంచీ ఉన్న ఆనవాయితీ. భోజనాలకు ముందే జమ్మలమడుగు ఆటో, ప్రొద్దుటూరు ఆటో వెళ్లిపోయాయి. రెండోదాంట్లో మా ఇంటి వాటా కూడా పోయింది. చుట్టాలకు ల్యాబు చూపిస్తూ కిటికీలోంచి ఆ ఆటోను చూశాను కూడా.

అక్కడే నిలబడి మా అత్తకు ఫోను చేశాను. మైకు పాటల్లో వినబడక స్పీకర్ పెట్టాను. పెద్దామె ముందు అలా పెట్టకుండా ఉండాల్సిందని తర్వాత అనుకున్నాను. ఇప్పుడు అనుకోను.

"అత్తా, ప్లాంటు నుంచి వచ్చిన సీసాలు పిల్లలకు ఇయ్యొద్దు."

"ఇయ్యొద్దా? ఎప్పుడో ఇచ్చినా. చిన్నోడు సగం సీసా తాగేసి మిగతాది చంకలో పెట్టుకొని తిరుగుతాండాడు. పాప పక్కింటోళ్లకొకటి, ఎదురింటోళ్లకొకటి ఇచ్చొచ్చింది. ప్రసాదం గదా, మనమే తాగుతామా? ఏమైందిమ్మే?"

ఏమీ కాలేదన్నాను. వాడి దగ్గర మిగిలింది లాక్కోమన్నాను. వాడికి ఎలా ఉందని అడిగాను. ఎలా ఉంటాడు, ఎగురుతున్నాడంది. ఫోను పెట్టేశాను.

పెద్దామె నన్నే చూస్తోంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"నాయనా, బండి దింపియ్."

"అమ్మా, మొక్కు..."

"మొక్కు నాది. స్వామికి నేను జవాబు చెప్పుకుంటా. బిడ్డ తాగినాడని ఈ పాప మొగం ఎట్ల పోయిందో చూసినావా? అట్లాంటి మొగాలు మఠంలో ఎన్ని కావల్ల నీకు?"

"రేపు పంచుతామని అందరికీ చెప్పి ఉంటిమే. ఉత్త చేతుల్తో ఎట్ల పోతావు?"

"ఉత్త చేతులేంది? తోట నిండా కాయలుండాయి. సాయంత్రానికి కోపియ్. కాయలు పంచుదాం. కాయకు దేవుడు బిగిచ్చిన మూత ఉండాది. దానికి నీ ఫ్యాను అక్కర్లే, నీ స్విచ్చి అక్కర్లే."

భాయ్ నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి, "మేడం, క్వాలిటీకి పెద్దమ్మను పెట్టుకుందాం. మీరు గుగ్గిళ్లు పంచండి," అన్నాడు. ఆమెకు వినబడింది. "నువ్వు ముందు నీ మిషను కడుక్కోపో," అంది. ఆ రోజు మొదటిసారి అందరూ నవ్వారు.

బండి దింపడం సులువే. అసలు కష్టం ఇళ్లకు పోయిన సీసాల దగ్గర మొదలైంది. పనివాళ్లంతా ఫోన్లు పట్టుకుని తలో మూల నిలబడ్డారు. ప్యాకింగు దగ్గరి ఒకామె సీసాను వాళ్ల చెల్లెలు జమ్మలమడుగు బస్సులో ఎత్తుకుపోయింది. ఇంకొకరిది కూరగాయలామెకు పోయింది. భాయ్ ఫోనులో ఉర్దూలో చాలాసేపు మాట్లాడి, "మా ఇంటామె వీధికంతా పంచిందమ్మా. సగం మందికి పూజదని చెప్పింది, సగం మందికి నేను కువైటు నుంచి తెప్పిచ్చినానని చెప్పిందంట," అని తల పట్టుకున్నాడు. మా డీలర్లు ఎవరూ ఒక పూటలో అన్ని ఇళ్లకు సరుకు చేర్చి ఎరుగరు. ప్రసాదం చేర్చింది.

చాలామటుకు సీసాలు సాయంత్రానికి తిరిగి వచ్చాయి. కొన్ని ఖాళీవి వచ్చాయి. తాగినవాళ్లెవరికీ ఏమీ కాలేదు. అప్పుడే నింపినదాన్ని అప్పుడే తాగారు, కాకూడదు కూడా.

ఆ సీసాల్లో కొన్నిటిని ల్యాబులోని వెచ్చని బీరువాలో, అదే ఇంక్యుబేటరులో పెట్టి రోజూ చూశాం. కొన్ని ఉబ్బాయి. ఎక్కువ భాగం ఉబ్బలేదు. ఉబ్బిన ఒకదాన్ని సార్ తన చేతులతో నొక్కి చూసి, మూత తీసి వాసన చూసి కింద పెట్టాడు. మిగిలినవి బాగున్నాయి కదా అని ఆయన అడగలేదు. మీరు పనిచేసే చోట మాత్రం ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అన్నీ పాడైపోతే ఆపడానికి ఎవరి అవసరమూ ఉండదు, వాసనే ఆపుతుంది. చాలావరకు బాగున్నప్పుడు ఆపడానికే మనకు జీతం ఇస్తారు. ఈ మాట నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా చెప్పగలను.

తర్వాత ఎలక్ట్రీషియనును పిలిపించి ఫ్యానుకూ మిషనుకూ ముడి పెట్టించాం. పైన గాలి లేకపోతే కింద సీసా కదలదు. మరుసటి ఏడాది పూజ ఫిల్లింగ్ గది బయట, తలుపు దగ్గర జరిగింది. హారతి నిశ్చింతగా వెలిగింది. పెద్దామె గడపకు బొట్టు పెట్టి, "ఈడ పెడితే దీవెన లోపలికి పోదా ఏం?" అంది.

ఇక ఇంటి సంగతి. ఆ సాయంత్రం మా వీధిలో ఎవరూ లేరు. దసరా అలంకారాలు చూడటానికి ఊరంతా గుళ్ల వైపు పోయింది. పక్కింటికి తాళం, ఎదురింటికి తాళం. మావాడు తాగగా మిగిలిన సగాన్ని గిన్నెలు తోమే జాలాట్లో పారబోశాను. మా అత్త చూసి ముఖం తిప్పుకుంది. వాడు ఏడ్చి, అలిగి, అన్నం తిని పడుకున్నాడు. అప్పుడే తాగితే ఏమీ కాదని మధ్యాహ్నం సార్‌కు అంత ధీమాగా చెప్పానా, అదే మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. చదువుకున్న నేను చెబుతున్నాను, కన్న నేను వినలేదు. వాడి పొట్ట మీద చేయి వేసుకునే పడుకున్నాను.

తెల్లవారి వాడు అందరికంటే ముందు లేచి దోసె కావాలని అరిచాడు. ఆ అరుపు అంత తీయగా నాకెప్పుడూ వినబడలేదు.

దోసెలు తింటుండగా పిల్లలిద్దరికీ జరిగింది చెప్పాను. చిన్నవాడికి అర్థమైంది తక్కువ. పాప చేయి దోసె మీదే ఆగిపోయింది.

"అంటే పక్కింటోళ్లకు, ఎదురింటోళ్లకు నేనిచ్చినవి?"

"అవి తెచ్చుకోవల్ల. పక్కింటోళ్లు వచ్చినట్టుండారు, తలుపు తెరిచే ఉండాది."

"నేను పోను మా. ప్రసాదం ఇచ్చి మళ్లా వెనక్కి అడుగుతారా ఎవరన్నా? వాళ్లు నవ్వుతారు. వాళ్ల పిల్లోళ్లు బళ్లో గూడా చెప్తారు."

మా అత్త వంటింట్లోంచి, "నేను పోయి ఎట్లనో చెప్పి తెస్తాలే, బిడ్డనెందుకు పంపుతావు?" అంది. మొదట నాకూ అదే మంచిదనిపించింది. కానీ అత్త పోతే 'ఎట్లనో' చెబుతుంది. సీసా మారిపోయిందనో, లెక్క తప్పిందనో ఏదో ఒక కత చెప్పి తెస్తుంది. నిజం ఆ గడప దాటదు. వాళ్లింట్లోనూ ఇద్దరు పిల్లలు ఉన్నారు.

పాప చేయి కడిగించాను. చిన్నవాడికి చెప్పులు తొడిగాను. ఇద్దరినీ గుమ్మం దగ్గర నిలబెట్టి చెప్పాను:

"నవ్వితే నవ్వనియ్యండి. నిన్న ఇచ్చేటప్పుడు ఆ తలుపు ఎంత గట్టిగా కొట్టినారో, ఇప్పుడు గూడా అంతే గట్టిగా కొట్టల్ల. మా అమ్మ చేసింది, బాగాలేదేమోనని మా అమ్మే తెమ్మన్యాదని చెప్పండి. నేను మీ వెనకాలే నిలబడుకొనుంటా."